పర్శరాములు కుడి రెక్క

లక్షెట్టిపేటకు పైన, గోదావరి ఒడ్డున ఓ గుట్ట మీద రేకుల షెడ్డు ఒకటి ఉండేది. ఏట్లో నీళ్లు ఎంత ఎత్తున పారుతున్నాయో చూసి, కింది ఊళ్లకు ముందే కబురు అందించడానికి సర్కారు వేసిన క్యాంపు అది. క్యాంపు అనగానే డేరాలూ జవాన్లూ ఊహించుకోకండి. ఒక వైర్‌లెస్ పెట్టె, దాని ముందు కూర్చుని తంతి భాషలో టకటక కొట్టే లింగమూర్తి, ఏట్లో పాతిన కొలబద్ద చూసొచ్చి నీటి మట్టం చెప్పే పడవమనిషి హనుమండ్లు, ఆ పెట్టెకు చేత్తో కరెంటు పుట్టించే పర్శరాములు. అక్కడున్న సర్కారంతా ఇంతే.

చేత్తో కరెంటేమిటని ఆ రోజుల్లో ఊరివాళ్లు కూడా అడిగేవాళ్లు. ఆ గుట్ట చుట్టుపక్కల కరెంటు స్తంభమన్నదే లేదు మరి. మిలటరీవాళ్లు వాడి వదిలేసిన చేతి జనరేటరు ఒకటి క్యాంపుకు ఇచ్చారు. సైకిల్ సీటులాంటి సీటు, దాని ముందు ఓ ఇనుప డబ్బా, డబ్బాకు అటొకటి ఇటొకటి పిడులు. మనిషి సీటు మీద కూర్చుని రెండు చేతులా పిడులు తిప్పుతుంటే కరెంటు పుట్టి పెట్టెలోకి పోయేది. పెట్టెలోంచి ఏరియల్ తీగెక్కి, గాలిలో కరీంనగర్ దాకా పోయేది. ఆఫీసు దానికి పెట్టిన పేరు ఎంత గొప్పదైనా క్యాంపులో అందరూ దాన్ని ఇసుర్రాయి అనేవాళ్లు. దాంతో పర్శరాములు కూడా ఇసుర్రాయి పర్శరాములు అయ్యాడు. భార్య కనకవ్వ అయితే, లోకంలో ఆడోళ్లు జొన్నలు విసురుతుంటే నా మొగుడు గాలి విసురుతుండని గుట్ట కింది ఊళ్లో అందరికీ చెప్పి నవ్వించేది.

ఆయన పుట్టింది సిరిసిల్ల దగ్గర సాలెవాడలో. నడక వచ్చింది మొదలు మగ్గం గుంట పక్కనే పెరిగాడు. నూలు దొరకని గడ్డు రోజుల్లో ఇంట్లో ఉన్న ఒక్క మగ్గం మీద ఇద్దరు అన్నదమ్ముల సంసారాలు సాగేట్టు కనిపించలేదు. మగ్గం తమ్ముడికి వదిలేసి పెళ్లాన్ని వెంటబెట్టుకుని బయటపడ్డాడు. పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో, వైర్‌లెస్ పని కోసం బలమైన మనుషులు కావాలంటే మంచిర్యాలలో వరసలో నిలబడ్డాడు. ముందున్న వాళ్లందరూ కండలు తిరిగిన వాళ్లే. ఒకడు ఎద్దులా తిప్పి మధ్యలో ఆగేవాడు, ఇంకొకడు మొదట మెల్లగా తిప్పి తర్వాత రోషం వచ్చి గిరగిరా తిప్పేవాడు. సన్నగా ఎండిపోయిన మన పర్శరాములు మాత్రం మగ్గం మీద పోగు వేసినట్టు ఒకే తీరున, ఒకే ఊపున తిప్పాడు. సాహెబు మీటరు చూసి తల ఊపాడు. ఆ పూటే కొలువు దొరికింది.

ఆ పనిలో కష్టం ఎక్కడంటే, లింగమూర్తి టకటక కొట్టే ఆ కీ నొక్కినప్పుడల్లా పిడి బరువెక్కేది, వదలగానే తేలికయ్యేది. ఎక్కువసేపు నొక్కితే ఎక్కువసేపు బరువు. బరువెక్కినప్పుడు వేగం తగ్గకూడదు, తేలికైనప్పుడు పెరగకూడదు. కళ్లు మూసుకుని తిప్పుతున్నా లింగమూర్తి చుక్క కొట్టాడో గీత కొట్టాడో పర్శరాములు రెక్కలకు తెలిసిపోయేది. చదువు రాని మనిషికి ఆ తెలివిడి చాలా గర్వంగా ఉండేది, ఉండదా మరి. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది, శాఖ పేరు మారింది, ఉర్దూ కాగితాలు పోయి ఇంగ్లీషు కాగితాలు వచ్చాయి, పై అధికారులు మారారు. ఇసుర్రాయి మారలేదు, దాని మీద పర్శరాములూ మారలేదు.

ఇప్పుడు అసలు కథకు పనికొచ్చే ఒక చిన్న విషయం చెప్పాలి. సాలెవాళ్ల ఇండ్లల్లో దసరా నాడు మగ్గానికి మొక్కుతారు. నాడెకు, అచ్చుకు, రాట్నానికి పసుపూ కుంకుమా పెడతారు. మగ్గం వదిలొచ్చిన పర్శరాములుకు దసరా వస్తే చేతులు ఊరుకునేవి కావు. ఆంధ్రప్రదేశ్ అయిన ఏడు, క్యాంపు ఇంకా ఏటి ఒడ్డున కింద ఉన్నప్పుడు, జమ్మి ఆకు తెచ్చి పెట్టె మీద పెట్టి, జనరేటరు కడిగి, అన్నింటికీ బొట్టు పెట్టుకుంటూ వచ్చాడు. పెట్టె ముందు భాగంలో అంకెలు చెక్కిన గుండ్రటి డయల్ ఒకటి ఉంది. కబురు తీగెకు సరిగ్గా ఎక్కేలా సర్దుకునేది దాంతోనే. డయల్ పైన ఒక గీత, ఆ గీత కింద ఆ రోజు ఏ అంకె ఉందో ఆ అంకె మీద, నూనెలో తడిపిన కుంకుమతో బొట్టు పెట్టి దండం పెట్టుకున్నాడు. చెక్కిన అంకెలోకి దిగిన కుంకుమ మరి ఊడిరాలేదు.

అప్పుడు కీ దగ్గర పనిచేసే లక్ష్మీరాజం అనే పెద్దాయన ఆ బొట్టు చూసి, గుర్తు బాగుంది, రోజూ వెతుక్కునే పని తప్పిందన్నాడు. ఆయనకు ఆదిలాబాద్ బదిలీ అయి, పెద్దపల్లి నుంచి లింగమూర్తి వచ్చినప్పుడు ఆయన చెప్పి పోయిన పాఠం కూడా అదే. బొట్టు గీత కిందికి తెచ్చి పెట్టు, మిగతాది అమ్మవారు చూసుకుంటది అని. లింగమూర్తి పద్ధతి గల మనిషి, దేవుడంటే భయం కూడా. రోజూ స్నానం చేసి వచ్చి, డయల్ తిప్పి బొట్టును గీత కిందికి తెచ్చేవాడు. ఆ తర్వాత దాన్ని ముట్టుకునేవాడు కాదు.

మరుసటేడు వానలకు ముందు క్యాంపును ఒడ్డు మీద నుంచి గుట్ట మీదికి మార్చారు. జనరేటరును భుజాన వేసుకుని ఎక్కుతుంటే పర్శరాములు కాలు రాయి మీద జారింది. ఇనుప డబ్బా పడిపోకుండా పట్టుకున్నాడు గానీ కుడి భుజం కలుక్కుమంది. కింద ఏరియల్ తీగెను ఎత్తైన తాటిచెట్టుకు కట్టేవాళ్లు. గుట్ట మీద తాటిచెట్టు లేదు. ఓ వెదురు పాతి, తీగెను షెడ్డు రేకుల మీదుగా వంచి దానికి కట్టారు. తెల్లారి లింగమూర్తి బొట్టును గీత కిందికి తెచ్చి కీ నొక్కాడు. పర్శరాములు చేతుల్లో పిడి ఆగిపోయినంత పనైంది.

భుజం బెణికింది కదా, రెండ్రోజుల్లో సర్దుకుంటుందని అనుకున్నాడు. వాపు తగ్గింది, నొప్పి పోయింది, పిడి బరువు మాత్రం తగ్గలేదు. నిన్న మొన్నటిదాకా పాట పాడుకుంటూ తిప్పినవాడు ఇప్పుడు పళ్లు బిగించి తిప్పాల్సి వచ్చింది. ఛాతీ అంతా ముందుకు వంచి, సీటును కాళ్లతో అదిమి పట్టుకుని తిప్పితే గానీ వేగం నిలవడం లేదు. అప్పుడు పట్టుకుంది భయం. వానలు వెలిసినంక పై నుంచి ఎవరో ఒకరు వచ్చి మనిషినీ మిషన్నూ చూసి పోతారు. తిప్పలేని మనిషిని ఆ పూటే ఇంటికి పంపుతారు. ఇంటికంటే ఎక్కడికి? మగ్గం తమ్ముడిది. వాడి పిల్లల నోటి ముందు నుంచి పోగు లాక్కోవాలా? ఈ వయసులో ఎవరి మగ్గం కాడ నిలబడి కూలి అడగాలి?

అందుకని దాచాడు. పొద్దున్నే అందరికంటే ముందు సీటు ఎక్కేవాడు, అందరూ పోయాకే దిగేవాడు. దిగాక చేతులు వణుకుతుంటే తువ్వాల కింద దాచుకునేవాడు. హనుమండ్లు పడవ నడిపి గట్టిపడ్డ మనిషి. నీళ్లు చూసొచ్చి ఊరికే కూర్చునేవాడు కదా, జరసేపు నేను తిప్పుతనని ఒకటికి నాలుగుసార్లు అడిగాడు. పర్శరాములు అతన్ని పిడి ముట్టుకోనివ్వలేదు. అలవాటు లేని చెయ్యి పెడితే మిషన్ పాడైతదని పెద్ద నిపుణుడిలా చెప్పి పంపేవాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ పిడి హనుమండ్లు చేతికి ఇచ్చి ఉంటే ఈ కథ అక్కడే తెమిలిపోయేది. ఇవ్వలేదు. తన రెక్క చచ్చిపోయిందని ఇంకొకరికి తెలియడం కంటే చావు నయమనిపించింది ఆయనకు.

కనకవ్వ దగ్గర మాత్రం దాగలేదు. రోజూ ఇప్పనూనె కాచి భుజానికి మర్దన చేసేది ఆమే కదా. ఓ రోజు మర్దన చేస్తూ చేస్తూ చెయ్యి ఆపేసింది.

“వాపు లేదు, గట్టితనం లేదు. మంచిగున్న రెక్కకు రోజూ నూనె రుద్దుతున్న నేను,” అంది.

“లోపల సత్తువ పోయింది కనకా. పైకి కానరాదు. నాకు ఎరికే.”

“రాట్నం బరువైతే నేను కదురు చూస్త, దారం చూస్త. గా తర్వాతనే చెయ్యి చూస్త. నువ్వేందయ్యా, ముందే రెక్కను తిట్టవడితివి?”

“అది సర్కారు మిషన్. లడాయిల పనిచేసి వచ్చింది. దానికేం రోగమొస్తది?” అన్నాడు పర్శరాములు. కనకవ్వ నూనె గిన్నె తీసి అవతల పెట్టి, సర్కారుకు రోగం రాదని ఎవరు చెప్పిండ్రో గాని అని గొణుక్కుంటూ పొయ్యి కాడికి పోయింది.

ఆ ఏడు వానలు ముసురు పట్టి వదల్లేదు. ఒక రోజు మధ్యాహ్నం హనుమండ్లు తడిసి ముద్దై గుట్ట మీదికి పరుగెత్తుకొచ్చాడు. గోదావరి కొలబద్ద మొదటి గుర్తులన్నీ మింగేసింది, ఇంకా పెరుగుతోంది, రంగు మారిపోయింది, చెట్లు కొట్టుకొస్తున్నాయి. కింద ఏటి పక్కన ఊళ్లున్నాయి, పశువులున్నాయి, ఒడ్డు వారనే గుడిసెలేసుకుని ఉన్నవాళ్లున్నారు. లింగమూర్తి బొట్టు గీత కిందికి తెచ్చి కీ అందుకున్నాడు. పర్శరాములు సీటెక్కాడు.

కబురు పోయింది. కరీంనగర్ నుంచి జవాబొచ్చింది, సరిగ్గా వినిపించలేదు, మళ్లీ చెప్పమని. మళ్లీ పంపారు. మళ్లీ అదే జవాబు. మీ మాట చాలా సన్నగా వస్తోంది, అంకె అర్థం కాలేదు, మళ్లీ. లింగమూర్తి నుదుటి మీద చెమట. కీ నొక్కి నొక్కి కొడుతున్నాడు, గట్టిగా నొక్కితే గట్టిగా పోతుందన్నట్టు. అతను నొక్కినప్పుడల్లా పర్శరాములు రెక్కల్లో నిప్పు. కళ్ల ముందు మసకలు. హనుమండ్లు వచ్చి పక్కన నిలబడి, ఇటివ్వన్నా నేను తిప్పుతనన్నాడు. పర్శరాములు తల అడ్డంగా ఊపాడు. మాట్లాడ్డానికి ఊపిరి లేదు. కింద మునిగిపోబోయే ఊళ్లు ఒక పక్క, తన కొలువు ఒక పక్క, రెండూ ఆ పిడికే వేలాడుతున్నాయని అనిపించింది. నిజం చెప్పాలంటే, ఆ రెండింటిలో దేని కోసం ఎక్కువ తిప్పాడో ఆయనకే తెలియదు.

చివరికి కరీంనగర్‌కు అంకె అందింది. కబురు ముట్టిందని జవాబు వచ్చాక లింగమూర్తి కుర్చీలో వెనక్కి వాలాడు. కింది ఊళ్లల్లో డప్పు కొట్టి చాటారని, మనుషులందరూ పశువులతో సహా మిట్టకు చేరారని, గుడిసెలు పోయినా ప్రాణం ఒక్కటీ పోలేదని తర్వాత తెలిసింది. పర్శరాములు ఆ మాట విని చేతులు జోడించబోతే కుడి చెయ్యి పైకి లేవలేదు.

వరద తీశాక కరీంనగర్ నుంచి ఇంకో కబురు వచ్చింది. మీ క్యాంపు మాట వినిపించక ప్రాణాల మీదికొచ్చింది, మెకానిక్ దేవదాస్‌ను పంపుతున్నాం, మనిషినీ మిషన్నూ చూస్తాడు అని. లింగమూర్తి అది మామూలుగా చదివి చెప్పాడు. పర్శరాములుకు మనిషిని అన్న ఒక్క ముక్కే వినిపించింది.

దేవదాస్ రైల్లో మంచిర్యాలలో దిగి, బస్సులో కొంత, నడిచి కొంత, గుట్టకు చేరేసరికి బాగా చిరాకుగా ఉన్నాడు. లడాయి రోజుల్లో మిలటరీలో వైర్‌లెస్ పెట్టెలు బాగుచేసిన మనిషి. నోట్లో జర్దా, చంకలో పనిముట్ల సంచి. తువ్వాలతో చెప్పుల బురద తుడుచుకుంటూ, ఏమైంది మీ పెట్టెకు అని అడిగాడు. లింగమూర్తి నోరు తెరిచేలోపల పర్శరాములు ముందుకొచ్చి నిలబడ్డాడు. రాత్రంతా కూర్చుకున్న మాటలు గబగబా చెప్పేశాడు.

“పెట్టెకు ఏం గాలే సారూ. తప్పు నాదే. నా కుడి రెక్క పడిపోయింది. తిప్పలేకపోతున్న. కొలువు పోతదని ఎవ్వలికి చెప్పలే. వరదల గూడ చెప్పలే.”

లింగమూర్తి కొయ్యబారిపోయాడు. హనుమండ్లు నేల చూశాడు. దేవదాస్ జర్దా ఉమ్మేసి, పోయి ఇసుర్రాయి సీటు మీద కూర్చున్నాడు. లింగమూర్తిని కీ నొక్కి పట్టుకోమన్నాడు. పిడి నాలుగు చుట్లు తిప్పాడో లేదో మొహం ఎర్రబడింది. ఇంకో రెండు చుట్లు తిప్పి ఆపేశాడు.

“నా రెక్క గూడ పడిపోయిందేంది మరి?” అన్నాడు.

హనుమండ్లును పిలిచి కూర్చోబెట్టాడు. పడవ తెడ్డు వేసి వేసి రాయిలా ఉన్న హనుమండ్లు కూడా కాసేపటికి రొప్పుతూ, ఇదేందే తల్లీ, దీనికి ఎడ్లను గట్టాలె అన్నాడు. పర్శరాములు ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూశాడు. ఏం అర్థమైందో చెప్పలేడు గానీ గుండెల మీద రాయి ఏదో కొంచెం జరిగినట్టు అనిపించింది. నమ్మడానికి భయమేసి మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.

దేవదాస్ పెట్టె మూత విప్పి పర్శరాములును మళ్లీ సీటెక్కించాడు. కీ నొక్కగానే, లోపలున్న గాజు బుడ్డి లాంటి పెద్ద వాల్వులోని రేకు కమ్మరి కొలిమిలో ఇనుములా ఎర్రబడింది. కబురును పెంచి తీగెకు ఎక్కించేది ఆ వాల్వే. లింగమూర్తి మురిసిపోయి, చూడండి సారూ మంచి వెలుగుంది, మీటరు ముల్లు గూడ పైకే ఉందన్నాడు. దేవదాస్ అతని వైపు చూసిన చూపును పర్శరాములు జీవితాంతం చెప్పుకుని నవ్వేవాడు. డయల్ ఇక్కడ ఎవరు పెట్టారని అడిగితే, బొట్టు మీద పెట్టానని చెప్పాడు లింగమూర్తి. ఒకసారి జరిపి చూశానని, ముల్లు జర్రున కిందికి పడిపోతే మిషన్ చచ్చిపోతుందేమోనని భయపడి మళ్లీ బొట్టు మీదికే తెచ్చానని కూడా ఒప్పుకున్నాడు.

దేవదాస్ సంచిలోంచి టార్చిలైటు బల్బు తీసి, దానికి చిన్న తీగె చుట్ట కట్టి, ఏరియల్ తీగె దగ్గరగా పట్టుకోమని హనుమండ్లుకు ఇచ్చాడు. బల్బు నల్లగా, నిద్రపోతున్నట్టు ఉంది. పర్శరాములును ఆపకుండా తిప్పమని, లింగమూర్తిని కీ వదలొద్దని చెప్పి తను డయల్ మీద చెయ్యి వేశాడు. బొట్టును గీత కింద నుంచి మెల్లగా పక్కకు జరిపాడు. లింగమూర్తి కళ్లు మూసుకున్నాడు.

పర్శరాములు చేతుల్లో పిడి ఒక్కసారిగా తేలికైపోయింది. బలమంతా పెట్టి ఉన్నాడేమో, ముందుకు తూలి సీటు మీద నుంచి పడబోయాడు. లోపల పళ్లచక్రం విరిగిందనుకున్నాడు.

“తెగింది సారూ, ఏదో తెగింది!”

“ఏం తెగలే. తిప్పు,” అన్నాడు దేవదాస్.

తిప్పాడు. పాత ఊపు, పాత తీరు. పిడి గోదావరి మీద పడవలా పోతోంది. వాల్వులో ఎరుపు ఆరిపోయి మామూలు రంగుకొచ్చింది. మీటరు ముల్లు కిందికి పడిపోయింది. హనుమండ్లు చేతిలో బల్బు మాత్రం తెల్లగా వెలుగుతోంది. హనుమండ్లు దాన్ని చేతిలో నుంచి పడేయబోయి మళ్లీ పట్టుకున్నాడు.

“ఆ ముల్లు ఏం చెప్తదో ఎరికేనా లింగమూర్తీ? పెట్టె ఎంత తింటుందో చెప్తది, ఎంత పలుకుతుందో చెప్పదు,” అన్నాడు దేవదాస్. “గిన్ని దినాలు గీ మనిషి పుట్టిచ్చిన కరెంటంత వాల్వుల్నే కాలి వేడైపోయింది. తీగెకు పోయింది చారెడు. కింద తాటిచెట్టుకున్న తీగె వేరు, రేకుల మీద వంచిన గీ తీగె వేరు. తీగె మారితే డయల్ మారాలె. మీరేమో బొట్టుకు కట్టుబడి కూసున్నరు.”

తర్వాత రేకుల మీది తీగెను ఊడబీకి, ఇంకో రెండు వెదుళ్లు పాతించి, షెడ్డుకు దూరంగా బిగించి కట్టించాడు. మళ్లీ డయల్ సర్దాడు. ముల్లు కిందికి పడే చోటు ఎలా పట్టుకోవాలో, అక్కడి నుంచి తీగెకు ఎంత ఎక్కించాలో లింగమూర్తి చేతనే చేయించాడు. లింగమూర్తి కరీంనగర్‌ను పిలిచాడు. పక్క గదిలో ఉండి మాట్లాడుతున్నట్టుంది, మిషన్ కొత్తది వచ్చిందా అని జవాబు వచ్చింది.

పర్శరాములు పిడి ఆపి అలాగే కూర్చున్నాడు. ఇన్ని నెలల భయం ఒక్కసారి దిగిపోతే మనిషికి ఒళ్లు ఖాళీగా ఉంటుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ వచ్చాయి. కుడి చేత్తో ఎడమ రెక్క, ఎడమ చేత్తో కుడి రెక్క తడుముకున్నాడు, ఊరెళ్లి తిరిగొచ్చిన పిల్లల్ని తడుముకున్నట్టు. అప్పుడు దేవదాస్ ఊరికే, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు, ఇంతకూ ఆ బొట్టు పెట్టిన మహానుభావుడు ఎవడని.

పర్శరాములు మెల్లగా చెయ్యి ఎత్తాడు, కుడి చెయ్యే.

దేవదాస్ మొదట నవ్వు ఆపుకుందామని చూశాడు, కుదరలేదు. లింగమూర్తి నవ్వాడు, హనుమండ్లు నేల మీద కూలబడి నవ్వాడు. అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టినా అందరికంటే ఎక్కువసేపు నవ్వింది పర్శరాములే. పోయేముందు దేవదాస్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, “తమ్మీ, బరువైనప్పుడు నోరు తెరిచి చెప్పు. నీ రెక్కలే మాకు అసలు మీటరు,” అన్నాడు. ఆ మాటను పర్శరాములు దాచుకున్నాడు.

ఇంటికి పోయి సంగతంతా చెబితే కనకవ్వ పొయ్యిలో కట్టె ఎగదోస్తూ విన్నది. అంతా విన్నాక, ఇన్ని దినాలు నేను రుద్దిన ఇప్పనూనె ఆ మిషన్‌కైనా పోయాల్సింది అని మాత్రం అంది. మొగుడు అన్నం తింటున్నంతసేపూ అటు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పొగ వల్లని అడక్కపోయినా చెప్పింది.

పర్శరాములు చాలా ఏళ్లు ఆ గుట్ట మీదే పనిచేశాడు. తర్వాత తర్వాత బ్యాటరీ పెట్టెలు వచ్చి ఇసుర్రాయి మూలకు పోయినప్పుడు, ఆయన్ని ఇంటికి పంపకుండా బ్యాటరీలు చూసుకునే పనిలో పెట్టారు. కొత్తగా వచ్చిన ఆపరేటర్లు ముల్లు పైకి ఎక్కించి మురిసిపోతుంటే, పెట్టె బ్యాటరీని తొందరగా తాగేస్తుంది, వాల్వు ముట్టుకుని చూడండి, కాలుతుందా లేదా అనేవాడు. అవన్నీ తర్వాతి సంగతులు. చెప్పాల్సింది వరదొచ్చిన ఆ ఏడాది దసరా సంగతి.

పండగ నాడు పర్శరాములు జమ్మి ఆకు తెచ్చాడు. జనరేటరు కడిగి తుడిచాడు. పసుపు, కుంకుమ గిన్నె పట్టుకుని కనకవ్వ కూడా గుట్ట ఎక్కి వచ్చింది. పెట్టె దగ్గరికి రాగానే లింగమూర్తి ఉలిక్కిపడి లేచి డయల్‌కు తన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. “పర్శన్నా, నీకు దండం పెడుత, దీని జోలికి రాకు,” అన్నాడు. పర్శరాములు నవ్వి పెట్టె మూతకు ఓ బొట్టు, హనుమండ్లు పడవ తెడ్డుకు ఓ బొట్టు, ఇసుర్రాయి సీటుకు ఓ బొట్టు పెట్టాడు. చేతులు కడుక్కుందామని లేస్తుంటే కనకవ్వ ఆగమంది.

కుంకుమలో వేలు ముంచి ఆయన కుడి భుజం మీది అంగీ పక్కకు జరిపింది. అందరూ చూస్తుండగానే అక్కడ బొట్టు పెట్టింది.

“గిన్ని నెలలు దీన్ని తిట్టినవ్. ఇయ్యాల దీనికి గూడ మొక్కు,” అంది.

పర్శరాములు సిగ్గుపడ్డాడు. తర్వాత ఎడమ చెయ్యి ఎత్తి, తన కుడి రెక్కను తాకి, ఆ వేళ్లు కళ్లకు అద్దుకున్నాడు. కరీంనగర్ పిలుస్తోందని లింగమూర్తి అంటే పోయి సీటు మీద కూర్చుని పిడి పట్టుకున్నాడు.